తరగతి మొత్తానికి ఒకే గొట్టం

2021 మే నెలలో జర్మనీలోని నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్రంలో ప్రాథమిక పాఠశాలల పిల్లలకు ఒక కొత్త అలవాటు మొదలైంది. తరగతిలో కూర్చుని, దూది పుల్లను నోట్లో పెట్టుకుని 30 సెకన్లు చప్పరించాలి. ఆ తరగతి పుల్లలన్నీ ఒకే గొట్టంలోకి వెళ్లేవి. కోవిడ్ వైరస్ ఉందేమో చూడడానికి ల్యాబ్‌లో ఆ గొట్టం మొత్తానికి కలిపి ఒకే ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష. నెగెటివ్ వస్తే పాఠాలు మామూలుగా సాగేవి. వారానికి రెండుసార్లు ఇదే వరస. కొలోన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి రూపొందించిన ఈ పద్ధతిని అక్కడ ‘లోలీ టెస్ట్’ అనేవారు. లోలీ అంటే లాలీపాప్. ముక్కులోకి పుల్ల పోనిస్తుంటే పసివాళ్లు ఎంత గింజుకుంటారో వాళ్లను ఒడిలో పట్టుకున్నవాళ్లకు తెలుసు. ఆ బాధ తప్పించడమే ఈ ఆలోచనలో సగం గెలుపు.

లెక్క మాత్రం పాతదే. అమెరికా సైన్యంలో చేరేవారిలో సిఫిలిస్ ఉన్నవారిని గుర్తించడానికి, కొందరి రక్తం కలిపి ఒకేసారి పరీక్షించవచ్చని 1943లో రాబర్ట్ డార్ఫ్‌మన్ ప్రతిపాదించాడు. బడికి అన్వయించి చూద్దాం. 25 మంది చొప్పున 100 తరగతులు, మొత్తం 2,500 మంది పిల్లలు. వెయ్యిమందిలో ఒకరికి వైరస్ ఉందనుకుంటే సగటున రెండు మూడు గొట్టాలే పాజిటివ్ వస్తాయి. ఆ తరగతుల పిల్లలను మళ్లీ విడివిడిగా పరీక్షించినా మొత్తం 175 పరీక్షలు దాటవు. అదే వందమందిలో నలుగురికి వైరస్ ఉంటే 64 గొట్టాలు పాజిటివ్ అవుతాయి, పరీక్షలు 1,700కు చేరతాయి. ఈ రెండో అంకెతో మళ్లీ పని పడుతుంది.

పాతికమంది లాలాజలంలో ఒక్కరి వైరస్ దొరుకుతుందా? పీసీఆర్‌లో ఒక్కో ఆవృత్తికీ వైరస్ జన్యుపదార్థం దాదాపు రెట్టింపవుతుంది కాబట్టి కొంచెం ఉన్నా బయటపడుతుంది. నమూనాల ద్రవాలను కలిపితే వైరస్ పలచబడుతుంది. 2020 ఏప్రిల్‌లో మన ఐసీఎంఆర్ ఐదు నమూనాలకు మించి కలపవద్దన్నది అందుకే. జర్మనీ పద్ధతిలో పుల్లలే నేరుగా ఒకే ద్రవంలో మునుగుతాయి, అంత పలచబడే ప్రమాదం లేదు.

నాకు ఇందులో అన్నిటికన్నా విలువైనదిగా తోచేది పరీక్ష జరిగిన చోటు. 2021 ఏప్రిల్ నుంచి జర్మనీలో వారానికి రెండు పరీక్షలు చేయించుకుంటేనే తరగతిలోకి రానిచ్చేవారు. ఆ భారం ఇళ్ల మీదే వేసి ఉంటే తీరిక, డబ్బు, భాష తెలిసిన కుటుంబాల పిల్లలు లోపలికి, మిగతావాళ్లు బయటికి పోయేవారు. ఆ మిగతావాళ్లకే ఇంట్లో విడిగా గది ఉండదు, కంప్యూటర్ ఉండదు. బడి అవసరం ఎక్కువగా ఉన్నదీ వాళ్లకే. పరీక్ష తరగతిలోనే, ఉచితంగా, అందరికీ ఒకేసారి జరిగింది గనుక ఆ తేడా చాలావరకు రాలేదు. అదే ఏడాది నవంబరులో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం, బడుల మీద పెట్టిన ఏప్రిల్ నాటి కోవిడ్ ఆంక్షలను సమర్థిస్తూనే, పాఠశాల విద్య పిల్లల హక్కు అని మొదటిసారి గుర్తించింది.

ఒక లోపం మాత్రం మిగిలింది. గొట్టం పాజిటివ్ వస్తే పిల్లలంతా ఇంట్లో ఉండి, విడిగా మరో పుల్ల చప్పరించాలి. దాన్ని పెద్దవాళ్లు బడికి చేర్చాలి. తెల్లవారుజామునే పనికి వెళ్లే తల్లిదండ్రులకు అది ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. 2022 జనవరిలో దాన్ని సరిదిద్దారు. మొదటి రోజే పిల్లలతో రెండో పుల్ల కూడా చప్పరింపజేసి పక్కన పెట్టడం, అవసరమైతే రాత్రికి రాత్రే ల్యాబ్ దాన్ని తీసి చూడడం. చక్కని మార్పు. కానీ అప్పటికే వైరస్ కొత్త రకం ఒమిక్రాన్ వచ్చేసింది. ఎక్కడ చూసినా పాజిటివ్ గొట్టాలే. 1,700 లెక్క నిజమైపోయి ల్యాబ్‌లు చేతులెత్తేశాయి. ఆ నెలాఖరుకు విడి పీసీఆర్‌లు ఆపేసి, పాజిటివ్ వచ్చిన తరగతుల పిల్లలకు ర్యాపిడ్ టెస్టులే చేయమన్నారు.