మైనస్ పోతే లెక్క సులువా?

పర్మనెంట్ అనగానే బదిలీల మీద ఊళ్లు తిరిగే మనకు ఫారంలో రాసే అడ్రసు గుర్తొస్తుంది. గణితంలోనూ ఒక పర్మనెంట్ ఉంది. 1812లో కోషీ, బినే దీన్ని పరిచయం చేశారు.

ఇద్దరు పిల్లలు, రెండు పనులు: బోర్డు తుడవడం, మొక్కలకు నీళ్లు పోయడం. వచ్చిన పనికి 1, రానిదానికి 0 వేద్దాం. ఇద్దరికీ రెండూ వస్తే మాత్రికలో నాలుగూ 1లే. దాని నిర్ధారకం 1×1 − 1×1 = 0. మైనస్ బదులు ప్లస్ పెడితే 2. అదే పర్మనెంట్. తలా ఒక పని పంచే విధాలూ సరిగ్గా రెండే.

మైనస్ పోతే సులువనుకుంటాం. కానీ నిర్ధారకంలో ఒక వరుసను మరో వరుసకు కలిపినా విలువ మారదు. అలా సున్నాలు తెచ్చుకుని త్వరగా తేలుస్తాం. పర్మనెంట్‌కు ఆ దారి లేదు. ఇది చాలా కష్టమైన లెక్కల కోవలోదని 1979లో లెస్లీ వాలియంట్ నిరూపించారు. ఏ పెద్ద మాత్రికకైనా పనికొచ్చే వేగమైన పద్ధతి ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.