బక్కచిక్కిన బిడ్డ ఒళ్లు ఎందుకు చల్లబడుతుంది?

సాగర్ డ్యాంలో నీళ్లు అడుగంటిన ఏడు పల్నాడులో ఏం చేస్తారు? కుడి కాలువకు వంతులవారీగా వదులుతారు. వరి మాని ఆరుతడి పంటలు వేసుకోమంటారు. తిండి చాలని పసిబిడ్డ ఒళ్లూ అదే పని చేస్తుంది.

మెడ ముందు సీతాకోకచిలుకలా ఉండే థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా టీ4 హార్మోన్‌ను తయారుచేస్తుంది. అందులో అయోడిన్ పరమాణువులు 4. కాలేయం లాంటి చోట్ల బయటి వైపుది ఒకటి ఊడితే టీ3 అవుతుంది. గుండె వేగాన్ని, ఒంటి వేడిని, ఎదుగుదలను నడిపేది ముఖ్యంగా ఇదే. తమాషా చూడండి, లోపలి వైపుది ఊడితే మాత్రం దాదాపు పనిచేయని రివర్స్ టీ3 వస్తుంది! తీవ్ర పోషకాహార లోపంలో టీ3 పడిపోతుంది, రివర్స్ టీ3 తరచూ పెరుగుతుంది. అందుకే ఒళ్లు చల్లబడుతుంది, గుండె నెమ్మదిస్తుంది. ఉన్న కాస్త శక్తీ ప్రాణం నిలబెట్టడానికే.

మరి థైరాయిడ్ మాత్ర వేస్తే సరిపోదా? అది నీళ్లు లేని ఏడు తూము పూర్తిగా ఎత్తేసినట్టే. బిడ్డను వెచ్చగా ఉంచి, మొదట్లో రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెంగా ఆహారం పట్టిస్తారు. కోలుకునేకొద్దీ మామూలుగా టీ3 తనే పెరుగుతుంది.

మాచర్లలోనైనా గురజాలలోనైనా అంగన్‌వాడీలో పిల్లల జబ్బకు చుట్టే రంగుల టేపు చూశారా? 6 నెలలు దాటి 5 ఏళ్లు నిండని బిడ్డకు 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువొస్తే ఎరుపు, అంటే తీవ్ర పోషకాహార లోపమే.