కప్ప వ్రేళ్లు, గుంట లెక్క

ఆషాఢమాసమున రెండు మంచి వానలు పడిన పిమ్మట, తార్నాక నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము వైపు చీకటివేళ నడచువారికి కప్పల కచేరీ టిక్కెట్టు లేకయే వినవచ్చును. బండల నడుమ నీరు నిలిచిన ప్రతి గుంటయు ఒక సభామండపమే. అక్కడ నిలిచి విన్నప్పుడెల్ల మాకొక ప్రశ్న తోచును: ఈ గుంటలో కప్పలెన్ని? నిరుటికంటె పెరిగినవా, తరిగినవా?

ఈ చిన్న ప్రశ్నకు జవాబు చెప్పుటకు జంతుశాస్త్రజ్ఞులు ఒక ఉపాయము పన్నిరి. ఒక రాత్రి 40 కప్పలను పట్టి, గుర్తు పెట్టి విడిచిపెట్టుదురు. కొన్ని దినములకు మరల 50 పట్టుదురు. వానిలో గుర్తున్నవి 10, అనగా అయిదింట ఒక వంతు, అయినచో గుంటలో సుమారు 200 కప్పలున్నవని తేల్చుదురు.

అయితే గుర్తు పెట్టుట యెట్లు? పక్షి కాలికి కడియము తొడుగవచ్చును. కప్పకు తొడిగినది జారిపోవును, లేదా మెత్తని చర్మమును ఒరసివేయును. అందుచేత వ్రేలికొనలను కత్తిరించు పద్ధతి చాలకాలముగా ప్రచారములోనున్నది. ఏ కాలి ఏ వ్రేలు తెగినదో దానిని బట్టి ఆ కప్ప సంఖ్య. ఒక చిన్న కత్తెర చాలును. బల్లులకును ఇదియే మర్యాద. పాములకు పొట్టక్రింది పొలుసులు కత్తిరింతురు. తాబేళ్లకు డిప్ప అంచున గాటు పెట్టుదురు. డిప్ప వట్టి పెంకు అనుకొనువారు కలరు గాని, దానిలోనిది రక్తము ప్రసరించు సజీవమైన యెముక.

"కప్పకేమి నొప్పి?" అను మాట మేము విన్నాము. ఆ వాదమును ఒక ప్రక్క నుంచి లెక్కనే చూతము. ఈ గణితమంతయు ఒక నమ్మకముపై నిలిచియున్నది: గుర్తున్న కప్పయు, లేని కప్పయు ఒకే విధముగ బ్రతుకును. వ్రేళ్లు తెగినవానిలో సగము పుండుపడి చచ్చినవనుకొందము. రెండవసారి పట్టిన 50లో గుర్తున్నవి 5 లేక 6 మాత్రమే చిక్కును. అప్పుడు లెక్క సుమారు 360 అని పలుకును! నిజముగ నున్నవి 180. కప్పలు చచ్చినకొలది గుంట నిండినట్లు కనబడును. శాస్త్రమునకు ఇంతకంటె అపచారము వేరొకటి యుండునా?

ఇది వట్టి ఊహ కాదు. 2004లో మెకార్తీ, ప్యారిస్ అను ఆస్ట్రేలియా పరిశోధకులు పూర్వపు అధ్యయనముల అంకెలను తిరిగి గణించి, మొదటి వ్రేలి తరువాత తెగిన ప్రతి వ్రేలికిని కప్ప మరల కనబడు అవకాశము 4 నుండి 11 శాతము వరకు తగ్గుచున్నదని చూపిరి. ఆ యేడే రాబర్ట్ మే 'నేచర్' పత్రికలో ఈ ధర్మసందేహమును చర్చించెను.

కత్తెరవారి పక్షమునను న్యాయము లేకపోలేదు. తెగిన వ్రేలి యెముకలోని వలయములు కొన్ని జాతులలో కప్ప వయస్సును తెలుపును. అటుకుగింజంత కప్పకు వేరు గుర్తు పెట్టుట కష్టము. మన చట్టము మాత్రము కఠినముగనే యున్నది. గుట్టలలో తిరుగు ఉడుము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదటి షెడ్యూలులోనిది. ఆ చట్టమున వేట యనగా చంపుట మాత్రమే కాదు. గాయపరచుటయు, శరీరభాగమును తీసికొనుటయు వేటయే. పరిశోధకునికైనను అనుమతి కావలెను.

మార్గాంతరములు లేవా? కలవు. పెద్ద పాములకు, తాబేళ్లకు బియ్యపుగింజంత చిప్పును చర్మము క్రింద ఉంచవచ్చును. కొన్ని కప్పల మచ్చలు మన వ్రేలిముద్రల వలె దేనికది వేరు. ఛాయాచిత్రము చాలును, పోల్చుటకు ఓపిక మాత్రము కావలెను. తార్నాకకు కూతవేటు దూరమున హబ్సిగూడలోనున్న సీసీఎంబీకి అత్తాపూరులో లాకోన్స్ అను ప్రయోగశాల కలదు. అచటివారు 2018లో ప్రకటించిన పరిశోధనలో, కప్పల చర్మమును దూదిపుల్లతో తుడిచి, వానిని పీడించు చిట్రిడ్ శిలీంద్రపు జాడను తీసిరి. కత్తెరతో పని పడలేదు.

ఇక తప్పనిసరియై ఎవరైన కత్తెర పట్టినచో, ఒక్క వ్రేలికి మించరాదని మా అభిప్రాయము. మగకప్ప ఆడుదానిని పట్టుకొనుటకు ఆధారమైన ముంగాలి బొటనవ్రేలిని అసలే తాకరాదు. కప్పకు కప్పకు నడుమ కత్తెరను శుద్ధి చేయవలెను. మరల కనబడని కప్పలెన్నియో కూడ వ్యాసమున వ్రాయవలెను.