పక్కపక్కనే ఉంటే దగ్గరైనట్టేనా?

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు దశాబ్దాలుగా నివసిస్తున్నాయి. అక్కడి పవర్‌లూమ్ షెడ్లలో 12 గంటల షిఫ్టు మామూలే. మరమగ్గాల మోత తరచుగా 90 డెసిబెల్స్ దాటుతుంది. పక్కవాడితో మాట్లాడాలంటే చెవి దగ్గర అరవాలి, లేదా సైగ చేయాలి. రోజంతా ఇలా పక్కపక్కనే పనిచేసే ఇద్దరు యువకులు మనసులో మాట చెప్పుకునేంత దగ్గరవుతారా?

స్నేహానికి ఎంత సమయం కావాలో అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు జెఫ్రీ హాల్ 2018లో అంచనా వేశారు. కొత్త ఊరికి మారినవారిని, కళాశాలలో కొత్తగా చేరిన విద్యార్థులను ఆయన పరిశీలించారు. పరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, ఆప్తమిత్రులు కావడానికి 200 గంటలకు పైగా పడుతుందని తేలింది. అయితే, పనిచోట కలిసి గడిపిన గంటలు అంతగా లెక్కకు రాలేదు. సరదాగా గడిపిన సమయం, మనసు విప్పి మాట్లాడుకోవడమే స్నేహాన్ని పెంచాయి.

మరి మాటలు మనుషులను ఎలా దగ్గర చేస్తాయి? హ్యారీ రైస్, ఫిలిప్ షేవర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1988లో ఒక వివరణ ఇచ్చారు. ఒకరు తన గురించి చెప్పుకోవాలి. ఎదుటివారు స్పందించాలి. ఆ స్పందనలో 'నన్ను అర్థం చేసుకున్నారు, నా బాగు కోరుతున్నారు' అని చెప్పినవారికి అనిపించాలి. ఈ మూడోది లేకపోతే మొదటి రెండూ ఉన్నా సాన్నిహిత్యం పెరగదు. స్నేహితులకైనా, ప్రేమికులకైనా ఇదే వర్తిస్తుంది.

జాన్ ఫిలిప్ లారెన్సో బృందం 1998లో కళాశాల విద్యార్థులతో రోజువారీ సంభాషణల వివరాలు రాయించి దీన్ని పరీక్షించింది. విషయాలు చెప్పుకోవడం కన్నా భావాలు పంచుకోవడమే సాన్నిహిత్యాన్ని ఎక్కువగా పెంచుతుందని గుర్తించింది. "ఈ నెల డబ్బులు ఇంటికి పంపిన" అనేది విషయం. "పంపినంక ఏం మిగలడం లేదురా, భయమైతాంది" అనేది భావం.

దీనికి ఏళ్లు పట్టనక్కర్లేదు. ఆర్థర్ ఆరన్ బృందం 1997లో చేసిన ప్రయోగంలో, క్రమంగా లోతుకు వెళ్లే ప్రశ్నలకు 45 నిమిషాల పాటు జవాబులు చెప్పుకున్న అపరిచితులు, పైపై కబుర్లు చెప్పుకున్నవారికన్నా ఎక్కువ దగ్గరయ్యారు.

కాబట్టి మగ్గాలు ఆగాక టీ బండి దగ్గర దొరికే అరగంట, రాత్రి ఊళ్లో ఉన్న మనిషితో మాట్లాడే పది నిమిషాలు చిన్నవేమీ కావు. భయమేస్తోందని ఒకరు అన్నప్పుడు "దానికేముందిలే" అంటే మాట అక్కడే ఆగిపోతుంది. "ఎప్పటినుంచి అట్లున్నది?" అని అడిగితే మరో మాట బయటికొస్తుంది.