గల్లాపెట్టె పక్కన చదువు: అమెరికా విశ్వవిద్యాలయాల్లో వ్యవస్థాపక విద్య

తెలుగునాట వ్యాపారం చాలాకాలం బడిలో చెప్పిన చదువు కాదు. వ్యాపారం చేసే ఇంట్లో పుట్టిన పిల్లవాడు బడి వదలగానే దుకాణానికి వచ్చి గల్లాపెట్టె పక్కన కూర్చునేవాడు. ఏ సరుకు ఏ పండుగకు ముందు తెప్పించాలో, ఎవరికి అరువు ఇవ్వవచ్చో, ఎవరికి ఇవ్వకూడదో, చిట్టా ఆవర్జాలు ఎలా రాయాలో చూస్తూ చూస్తూ నేర్చుకునేవాడు. ఆ చదువుకు పట్టా లేదు కానీ పరీక్ష మాత్రం రోజూ ఉండేది. రాత్రి దుకాణం కట్టేవేళకు లెక్క కలవకపోతే ఆ రోజు పరీక్ష తప్పినట్టే. అయితే ఈ విద్యకు ఒక పెద్ద లోపం ఉంది. దుకాణం లేని ఇంట్లో పుట్టినవారికి అది అందే దారి లేదు.

ఆ గల్లాపెట్టెను తరగతి గదిలోకి తేవడం సాధ్యమా అన్న ప్రశ్నతో అమెరికా విశ్వవిద్యాలయాలు ఏడున్నర దశాబ్దాలుగా ప్రయోగాలు చేస్తున్నాయి. ఆంత్రప్రెన్యూర్‌షిప్ అని అక్కడ పిలిచే ఈ విషయానికి తెలుగులో వ్యవస్థాపకత అన్న మాట స్థిరపడుతోంది. కొత్త సంస్థను స్థాపించడం ఎలాగో చేయించి నేర్పే స్నాతకోత్తర డిగ్రీలు ఇప్పుడు అక్కడ అనేకం ఉన్నాయి. ఈ విద్య ఎలా పుట్టింది, నిజానికి ఏమి నేర్పుతుంది, అప్పు చేసి వెళ్ళే తెలుగు విద్యార్థికి దాని విలువ ఎంత అన్న మూడు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1947 నాటి తరగతి

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక లక్షలాది సైనికులు ఇళ్ళకు తిరిగి వచ్చారు. 1944లో అమెరికా ప్రభుత్వం చేసిన చట్టం వారి చదువుల ఖర్చును భరించింది. అలా హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చేరినవారిలో చాలామందికి పెద్ద కంపెనీలో గుమాస్తాగిరీ కంటే సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలన్న కోరిక ఉండేది. 1947లో మైల్స్ మేస్ అనే ఆచార్యుడు కొత్త సంస్థల నిర్వహణపై అక్కడ ఒక కోర్సు ప్రారంభించాడు. 188 మంది అందులో చేరారు. అమెరికా వాణిజ్య విద్యాలయాల్లో వ్యవస్థాపకతపై వచ్చిన మొదటి కోర్సుగా దీన్నే చెబుతారు.

అదే హార్వర్డ్‌లో పాఠాలు చెప్పిన జార్జ్ డోరియో అంతకు ముందు ఏడాదే, అంటే 1946లో, అమెరికన్ రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అనే పెట్టుబడి సంస్థను స్థాపించాడు. ఆస్తి తాకట్టు పెట్టలేని కొత్త సంస్థకు అప్పుగా కాక వాటాగా డబ్బు ఇవ్వడం దాని పద్ధతి. 1957లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే చిన్న కంప్యూటర్ సంస్థలో అది పెట్టిన 70 వేల డాలర్లు తరవాత కోట్ల డాలర్లయ్యాయి. నేటి వెంచర్ క్యాపిటల్‌కు ఇది తొలి రూపాలలో ఒకటి. వ్యవస్థాపక విద్య, దానికి ఆధారమైన పెట్టుబడి విధానం ఒకే ఆవరణలో, ఒకే కాలంలో మొలకెత్తాయన్నది గమనించదగ్గ విషయం.

అయితే నాటి బోధన ప్రధానంగా కేస్ పద్ధతిలో సాగింది. ఒక సంస్థ ఎదుర్కొన్న సమస్యను పదీ ఇరవై పేజీల్లో రాసి ఇస్తారు. నీవైతే ఏమి చేస్తావని అడుగుతారు. ఇది మంచి పద్ధతే. కానీ ఆ పేజీల్లో అవసరమైన సమాచారాన్ని ఎవరో ముందే సేకరించి, వరుసగా అమర్చి పెట్టారు. సమస్య ఏదో కూడా వారే తేల్చిచెప్పారు. నిజ జీవితంలో కొత్త సంస్థ పెట్టేవాడికి కష్టమైన పని అదే. అసలు సమస్య ఏమిటో అతనికి ఎవరూ చెప్పరు. ఒడ్డున కూర్చుని ఈత గురించి ఎంత చర్చించినా నీటిలో దిగినప్పటి ఊపిరి ఇబ్బంది తెలియదు. తరవాతి తరం ఆచార్యులు విద్యార్థిని నీటిలోకి దించాలని అనుకున్నది ఇందుకే.

నేపాల్‌లో మారిన ప్రశ్న

దీనికి చక్కటి ఉదాహరణ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఉంది. అత్యంత పేదలకు అందుబాటులో ఉండే వస్తువుల రూపకల్పనపై అక్కడ స్నాతకోత్తర విద్యార్థులకు ఒక కోర్సు ఉంది. ఇంజనీరింగ్, వాణిజ్యం వంటి వేర్వేరు విభాగాలవారు ఒకే జట్టుగా పనిచేయాలన్నది దాని నియమం. 2007లో ఒక జట్టుకు ఇచ్చిన పని ఇది: నెలలు నిండకుండా పుట్టిన శిశువులను వెచ్చగా ఉంచే ఇన్‌క్యుబేటర్‌ను అతి తక్కువ ఖర్చుతో తయారు చేయాలి. అప్పట్లో దాని వెల సుమారు 20 వేల డాలర్లు.

తరగతిలోనే కూర్చుని ఉంటే ఆ జట్టు యంత్రంలోని భాగాలను ఒక్కొక్కటే చవక చేస్తూ పోయేది. కానీ జట్టులో ఒకరు నేపాల్ వెళ్ళి ఆసుపత్రులు చూశారు. నగరంలో దానంగా వచ్చిన యంత్రాలు ఉన్నాయి, కొన్ని ఖాళీగానే ఉన్నాయి. ప్రాణాపాయంలో ఉన్న పిల్లలు పుడుతున్నది నగరానికి దూరంగా, కరెంటు లేని పల్లెల్లో. అక్కడి నుంచి ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోతోంది. అంటే కావలసింది చవకైన ఆసుపత్రి యంత్రం కాదు, తల్లి చేతిలో ఉంచుకోగల వెచ్చదనం. దాంతో ప్రశ్నే మారిపోయింది. మైనం వంటి పదార్థాన్ని వేడిచేసి సంచిలో అమర్చితే అది కొన్ని గంటలపాటు శరీర ఉష్ణోగ్రత వద్ద నిలుస్తుంది. ఆ సంచిని చిన్న బొంతలో పెట్టి అందులో శిశువును పడుకోబెట్టవచ్చు. ఎంబ్రేస్ అన్న పేరుతో ఆ జట్టు సంస్థగా మారి, చదువు ముగిశాక బెంగళూరుకు వచ్చి ఆ పరికరాన్ని అభివృద్ధి చేసింది. కిరోసిన్ దీపాల స్థానంలో సౌర దీపాలు అమ్మే డి.లైట్ సంస్థ కూడా స్టాన్‌ఫర్డ్‌లోని ఇదే కోర్సు నుంచి పుట్టింది.

ఇక్కడ విశ్వవిద్యాలయం వ్యాపార సూత్రాలేవీ కొత్తగా నేర్పలేదు. మనం అనుకున్న సమస్య నిజమైన సమస్యేనా అని వెళ్ళి చూసే అలవాటును నేర్పింది.

అనుమానించడం ఒక పద్ధతి

ఆ అలవాటును ఒక క్రమపద్ధతిగా మలచినవారిలో స్టీవ్ బ్లాంక్ ముఖ్యుడు. స్వయంగా అనేక సంస్థల్లో పనిచేసిన ఆయన 2011లో స్టాన్‌ఫర్డ్‌లో లీన్ లాంచ్‌ప్యాడ్ అనే కోర్సు ప్రారంభించాడు. అందులో దళసరి వ్యాపార ప్రణాళిక రాయవలసిన పని లేదు. కొనేది ఎవరు, వారికి కలిగే లాభం ఏమిటి, సరుకు వారికి ఎలా చేరుతుంది, డబ్బు ఎలా వస్తుంది వంటి తొమ్మిది గళ్ళ పట్టిక ఒకటి ఉంటుంది. ప్రతి గడిలోనూ విద్యార్థి రాసేది నిజం కాదు, ఊహ మాత్రమే. ప్రతివారం తరగతి బయటికి వెళ్ళి, మనుషులతో మాట్లాడి, ఆ ఊహల్లో ఏది నిలిచిందో ఏది కూలిందో తిరిగి వచ్చి చెప్పాలి.

అదే ఏడాది అమెరికా జాతీయ విజ్ఞాన ఫౌండేషన్ ఈ పద్ధతిని స్వీకరించి ఐ-కోర్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. పరిశోధక విద్యార్థి, అతని ఆచార్యుడు, పరిశ్రమ అనుభవం ఉన్న ఒక మార్గదర్శి కలిసి ఒక జట్టు. వారికి 50 వేల డాలర్ల గ్రాంటు ఇస్తారు. ఏడు వారాల్లో వందమందిని కలిసి మాట్లాడాలి. ప్రయోగశాలలో పుట్టిన ఆవిష్కరణ ఎవరికి పనికివస్తుందో తేల్చడం దాని ఉద్దేశం.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో మన నేల మీద ఊహించి చూద్దాం. నూజివీడు ప్రాంతపు మామిడి రైతులకు మార్కెట్ ధరలు తెలిపే యాప్ తయారు చేయాలని ఒక విద్యార్థి అనుకున్నాడనుకోండి. "ఇలాంటి యాప్ ఉంటే వాడతారా?" అని రైతును అడిగితే మర్యాద కొద్దీ వాడతాననే అంటాడు. ఆ జవాబుకు విలువ లేదు. "పోయిన ఏడు కాయ ఎవరికి అమ్మారు? ఎప్పుడు అమ్మారు? ధర ఎలా కుదిరింది?" అని అడగాలి. అప్పుడు పూత దశలోనే తోటను గుత్తకు ఇచ్చేశానని రైతు చెప్పవచ్చు. కోతనాటి ధరతో ఆ రైతుకు పనే లేదు. దానితో పని ఉన్నది గుత్తదారుకు. లేదా రైతుకు కావలసింది పూతనాటి అప్పు, ధర సమాచారం కాదు. ఆరు నెలలు యాప్ రాశాక తెలిసే ఈ సంగతి పదిమందితో మాట్లాడితే రెండు రోజుల్లో తెలుస్తుంది. ఈ విద్య ఆదా చేసేది ఆ ఆరు నెలలను.

మార్కులు వేసే తీరు కూడా ఇందుకు తగినట్టే ఉంటుంది. సంస్థ లాభాల్లోకి వచ్చిందా అని కాదు, ఏ ఆధారాలతో ఏ నిర్ణయం తీసుకున్నావని చూస్తారు. తన ఆలోచన పనికిరాదని ఆధారాలతో నిరూపించిన విద్యార్థి ఉత్తీర్ణుడే. గెలుపోటములకు వేరే కొలతలున్నాయి. 1998లో ఎంఐటీ వ్యాపార ప్రణాళికల పోటీలో పాల్గొని బహుమతి గెలవలేకపోయిన ఒక జట్టు అదే ఏడాది అకమాయ్ సంస్థగా రూపుదిద్దుకుంది. గణితం తెలిసిన టామ్ లేటన్, డానీ లూయిన్‌లతో వాణిజ్య విద్యార్థులు చేతులు కలపడం వల్ల అది సాధ్యమైంది. ఇలాంటి కలయికకు చోటు కల్పించడం విశ్వవిద్యాలయం చేయగల గొప్ప మేలు. క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం 2000లో భౌతికశాస్త్ర విభాగంలోనే ఒక వ్యవస్థాపక స్నాతకోత్తర డిగ్రీ మొదలుపెట్టింది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో 2012లో ఇంజనీరింగ్, వాణిజ్య విభాగాలు కలిసి అటువంటి డిగ్రీనే ఆరంభించాయి.

చేసి నేర్చుకోవాలి, చేయకూడదు

తెలుగు విద్యార్థి విషయానికి వస్తే చిత్రం మారుతుంది. 2008 నుంచి 2012 వరకు అమెరికాకు వచ్చిన విదేశీ విద్యార్థులపై బ్రూకింగ్స్ సంస్థ 2014లో ప్రచురించిన అధ్యయనంలో, విజ్ఞాన సాంకేతిక రంగాల్లో చదివేవారిని అత్యధికంగా పంపిన నగరం హైదరాబాదు. 2023-24 విద్యాసంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. వీరిలో అధికులు ఎఫ్-1 వీసా మీద వెళ్ళినవారే. సంస్థను నడిపి నేర్చుకోమని డిగ్రీ చెబుతుంది. అనుమతి లేకుండా పని చేయరాదని వీసా చెబుతుంది.

మార్కెట్‌ను పరిశీలించడం, మనుషులతో మాట్లాడడం, ప్రణాళిక వేసుకోవడం చదువులో భాగమే. సంస్థలో వాటా ఉండటం వేరు, అందులో రోజువారీ పని చేయడం వేరు. రెండోదానికి ముందుగా అనుమతి కావాలి. చదువు ముగిశాక వచ్చే 12 నెలల ఓపీటీ కాలంలో సొంత సంస్థలో పనిచేయవచ్చు. ఆ తరవాత విజ్ఞాన సాంకేతిక డిగ్రీలకు దొరికే 24 నెలల పొడిగింపులో మాత్రం నిజమైన యజమాని, శిక్షణ ప్రణాళిక, పని పర్యవేక్షణ ఉండాలి. తనకు తానే యజమానిగా సంతకం పెట్టుకోవడం కుదరదు.

మరో చిక్కు ఆ పొడిగింపు అర్హతలోనే ఉంది. ప్రతి డిగ్రీకీ ప్రభుత్వ వర్గీకరణలో ఒక కోడ్ ఉంటుంది. వ్యవస్థాపకతకు ఉన్న సాధారణ కోడ్ ఆ జాబితాలో లేదు. మేనేజ్‌మెంట్ సైన్స్ కోడ్ ఉంది. పేరు ఒకేలా ఉన్న రెండు డిగ్రీల్లో ఒకటి మూడేళ్ళు పనిచేసే అవకాశం ఇస్తే మరొకటి ఒక్క ఏడాదే ఇవ్వవచ్చు. దరఖాస్తు పెట్టకముందే ఈ కోడ్ ఏమిటో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం విద్యార్థి చేయవలసిన మొదటి పరిశోధన. 2025 జనవరి 17 నుంచి అమల్లోకి వచ్చిన హెచ్-1బీ నిబంధనలు సంస్థలో అధిక వాటా ఉన్న వ్యవస్థాపకుడికి కూడా దారి చూపాయి. కానీ మొదటి అనుమతి, మొదటి పొడిగింపు పద్దెనిమిదేసి నెలలకే పరిమితం.

నష్టం ఎవరి ఖాతాలో?

వ్యవస్థాపకతను నేర్పగలరా అన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పుకోవచ్చు. అడగడం, వినడం, ఊహను పరీక్షించడం, తప్పు తేలితే మార్చుకోవడం నేర్పగలరు. నేర్పలేనిది నష్టాన్ని తట్టుకునే శక్తి. గల్లాపెట్టె పక్కన కూర్చున్న కుర్రవాడు తప్పు చేస్తే ఆ నష్టాన్ని తండ్రి దుకాణం భరించింది. తరగతిలో చేసిన తప్పును ఒక సెమిస్టర్ భరిస్తుంది. ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన విద్యారుణం ఆ ఓర్పు చూపదు, వాయిదా తేదీకి వాయిదా అడుగుతుంది.

అయితే ఈ చదువు ఫలితాన్ని డిగ్రీ అందిన ఏడాదిలోనే వెతకడం కూడా పొరపాటు. వివేక్ వాధ్వా బృందం 2007లో ప్రచురించిన అధ్యయనాల ప్రకారం 1995-2005 మధ్య అమెరికాలో పుట్టిన సాంకేతిక సంస్థల్లో నాలుగోవంతుకు వలస వచ్చినవారు స్థాపకులు లేదా సహస్థాపకులు. వారు దేశంలో అడుగుపెట్టిన సగటున 13 ఏళ్ళకు సంస్థలు పెట్టారు. హైదరాబాదులో పుట్టి పెరిగిన శంతను నారాయణ్ ఉద్యోగం చేస్తూనే 1993లో బర్క్‌లీలో వాణిజ్య పట్టా పొంది, 1996లో ఇంటర్నెట్‌లో ఛాయాచిత్రాలు పంచుకునే పిక్ట్రా సంస్థకు సహస్థాపకుడయ్యాడు. అది పెద్ద వ్యాపారంగా నిలవలేదు. 1998లో అడోబీలో చేరి, 2007 చివరలో దాని అధిపతి అయ్యాడు.

అందువల్ల ఈ డిగ్రీకి వెళ్ళదలచినవారు మూడు సంగతులు తేల్చుకోవాలి. వీసా ఎన్నేళ్ళు పని చేయనిస్తుంది? సంస్థ నిలవకపోతే వాయిదాలు కట్టగల మరో నైపుణ్యం చేతిలో ఉందా? అక్కడ ఉండగా ఎంతమంది కొత్త మనుషులతో కలిసి పనిచేయగలం? మూడిటికీ సంతృప్తికరమైన జవాబులుంటే ఆ చదువు ఖర్చుకు తగినదే. లేకపోతే పదిమంది రైతులను, పదిమంది దుకాణదారులను కలిసి పోయిన ఏడు ఏమి చేశారని అడగడం ఇక్కడే మొదలుపెట్టవచ్చు. ఆ పాఠానికి రుసుము లేదు, వీసాతో పని లేదు. దుకాణం లేని ఇంట్లో పుట్టినవారికి కూడా ఆ తలుపు తెరిచే ఉంది.