జీపుకూ ఒక ముక్కు వుంది

తెలుగు మేష్టరుకి జీపుతో పనేమిటని మీరు అడగవచ్చు. ఉరవకొండ వెళ్ళే రోడ్డు మీంచి దిగి, మట్టిదారిన ఆరు కిలోమీటర్లు పోతేగాని మా వూరు రాదు. అక్కడ వేరుశనగ చేనూ, ఎనభయ్యో పడిలో పడిన మా నాన్నగారూ వున్నారు. ఆయనకు ఉబ్బసం. అనంతపురం వచ్చి మాతో వుండమంటే వినరు. అందుకని 2017 లో తయారయిన డీజిలు జీపు, నాలుగు చక్రాలూ లాగేది, పాతది చూసి కొన్నాను.

కొన్న నెలకే ఒక దుకాణంవాడు నా చెవి కొరికాడు. "సార్, ఈ కాగితం ఫిల్టరుతో బండికి వూపిరాడటం లేదు. నూనె పట్టించిన నూలు ఫిల్టరు వేయండి. వెనక సైలెన్సరు తీసి లావు గొట్టం వేద్దాం. గుర్రంలా పోతుంది."

వేయించాను. గుర్రం సంగతేమోగాని, సకిలింపు మాత్రం మా వీధి చివరికి వినిపించేది. మోతే బలం అనుకున్నాను. చదువుకున్నవాణ్ణే సుమండీ!

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక రాత్రి నాన్నగారికి ఆయాసం ఎక్కువయిందని కబురొస్తే పరుగున వెళ్ళి, ఆయన్ని బండిలో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరాను. మట్టిదారి దాటామో లేదో, ఇంజనులోంచి సన్నగా ఈల మొదలయింది. లాగుడు చచ్చిపోయింది. వెనక నల్లటి పొగ. యాక్సిలరేటరు ఎంత తొక్కినా రెండో గేరు దాటదు. ఆ పొగ అద్దాల సందుల్లోంచి లోపలికే వస్తోంది. పక్కన నాన్నగారు కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఏమీ అనకుండా కూర్చున్నారు. గంటలో చేరవలసిన ఆసుపత్రికి రెండున్నర గంటలు పట్టింది. దేవుడి దయవల్ల ఆయన తేరుకున్నారు.

మర్నాడు మేస్త్రి టర్బో విప్పి చూపించాడు. గాలిని లోపలికి వూదే చక్రం రెక్కల అంచులు ఎలుకలు కొరికినట్టున్నాయి. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే వస్తువది; సన్నని ఇసుక కూడా దానికి ఆకురాయే. ఫిల్టరు చుట్టూ వుండే రబ్బరు అంచు డబ్బాలో సరిగ్గా కూర్చోలేదు. గోరు పట్టేంత సందు. అంతే! నలభై వేలు వదిలాయి. దుకాణంవాడిదెంత తప్పో, మూత తీసి ఒక్కసారయినా చూడని నాదీ అంతే.

అప్పటినుంచి ఈ గాలి సంగతి కాస్త శ్రద్ధగా తెలుసుకున్నాను. కుదురుగా కూర్చున్న మనిషి నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలుస్తాడు. 2.2 లీటర్ల డీజిలు ఇంజను రెండువేల చుట్ల వేగంలో, టర్బో వూదే అదనం లెక్క వేయకుండానే, 2200 లీటర్లు పీలుస్తుంది. మా వేరుశనగ చేల దుమ్ములో ఆ గాలి ఎలా వుంటుందో వేరే చెప్పాలా? మా మేనమామగారి పాత జీపులో అడుగున నూనె పోసిన గిన్నె వుండేది. గాలి నూనెమీద తిరగబడి, దుమ్ము అందులో వదిలేసి పోయేది. గిన్నె కడిగితే గుప్పెడు బురద! ఇప్పటి మంచి కాగితం ఫిల్టరు నూటికి 99 పాళ్ళకు పైగా దుమ్ము ఆపుతుంది. పైగా కాస్త మురికి పట్టాకే ఇంకా బాగా ఆపుతుంది. కనుక రోజూ దులపడం భక్తి కాదు, చాదస్తం. గట్టిగా గాలి కొట్టించామా, కాగితం చిరుగుతుంది.

డీజిలు ఇంజను మామూలుగా తనకు కావలసినదానికన్నా ఎక్కువ గాలే పీలుస్తుంది. బలం పోసే డీజిలునుబట్టి వస్తుంది. కాబట్టి వట్టి ఫిల్టరు మార్చినందువల్ల వచ్చే లాభం స్వల్పం. నూలు ఫిల్టరుకి నూనె ఎక్కువ పట్టిస్తే, గాలిని కొలిచే సెన్సారుకి జిడ్డు పట్టి లెక్క తప్పుతుంది కూడా.

గొట్టం విషయంలో దుకాణంవాడు చెప్పిందాంట్లో కొంత నిజం లేకపోలేదు. టర్బో దాటాక పొగకు అడ్డు ఎంత తక్కువయితే అంత మంచిదే. అయితే కంపెనీ పోసే డీజిలు కొలత మారనప్పుడు ఆ లాభమూ తెలిసీ తెలియనంతే. నా బండికి సైలెన్సరుతోబాటు పొగను శుద్ధిచేసే డబ్బా కూడా పీకేశారని తరవాత తెలిసి, రెండూ తిరిగి పెట్టించాను. నాన్నగారి కండువా నాకింకా కళ్ళకు కడుతూనే వుంది. డీజిలు పొగ మనుషులకు క్యాన్సరు తెచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు పరిశోధనా విభాగం 2012 లోనే తేల్చింది.

మొన్న సంక్రాంతికి మా బావమరిది 2022 లో కొన్న తన కొత్త జీపు వేసుకొచ్చాడు. "బావా, లావు గొట్టం వేయించనా?" అన్నాడు. గుండె గుభేలుమంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్. 6 డీజిలు బండ్లలో మసిని పట్టే జల్లెడ వుంటుంది. అది మసి నిండినప్పుడల్లా, సుమారు ఆరువందల డిగ్రీల వేడిలో, తనను తానే కాల్చుకుని శుభ్రమవుతుంది. ఎండుగడ్డిలో బండి ఆపవద్దనేది అందుకే. ఆ జల్లెడ తీయించడం నేరం. మోటారు వాహనాల చట్టంలో 2019 లో చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకీ అయిదువేల జరిమానా, లేదా ఆరునెలలదాకా జైలు, లేదా రెండూనూ.

"మరేం చెయ్యమంటావు?" అన్నాడు నీరసంగా.

కంపెనీ కాగితం ఫిల్టరే కొనమన్నాను. దుమ్ముదారిలో మరొక బండి వెనకే అంటుకుపోవద్దన్నాను. వాగులు దాటే పనుంటే, పైకప్పుదాకా గాలి గొట్టం సంగతి కంపెనీవాళ్ళనే అడగమన్నాను. వెనక గొట్టానికి కావలసిందల్లా క్లాంపులు బిగువుగా వుండటం, బ్రేకు పైపులకు అది తగలకుండా వుండటం.

"ముందు ఒక తెల్లగుడ్డ తీసుకురా," అన్నాను. ఫిల్టరు దాటాక వుండే గొట్టంలో లోపలివైపు తుడిచి చూడాలి. గుడ్డకు దుమ్ము అంటిందా, ఎక్కడో సందు వున్నట్టే.

పావుగంట తరవాత వాడు నవ్వుతూ వచ్చాడు. గుడ్డ మల్లెపువ్వులా వుంది. కాని అది మా ఆవిడ పండక్కి ఉతికి దాచుకున్న దిండు గలీబు. ఇంజనుమీద చెయ్యి ఆన్చినచోట ఒక మూల అయిదు వేళ్ళూ పడ్డాయి. తమ్ముణ్ణి ఏమీ అనలేదు కాని, "మీ బండి సోకులు నా గలీబుల మీదికొచ్చాయేమండీ!" అని నావైపు చూసింది.