బందరు మీసము, బ్రాంక్స్ పంతము

ర్యాప్ పాట యనగానే మన పెద్దలలో పలువురు ముఖము చిట్లింతురు. రాగము లేదు, వట్టి వాగుడు. పైగా పాడువాడు తన్ను తానే పొగడుకొనుచు ఎదుటివానిని తూలనాడుచుండును, ఇదేమి సభ్యత యని వారి యాక్షేపణ. ఈ సంగీతమును ప్రీతితో విను బందరువాసిగా నేను వారికి మనవి చేయదలచిన దొక్కటే: తన విద్యను తానే చాటుకొని, ఎదుటివానిని సవాలు చేసి, ఆ సవాలును లయ తప్పని మాటతో నిలుపుకొనుట ఈ కృష్ణాతీరమునకు క్రొత్త గాదు. ఇచ్చటి హిందూ హైస్కూలులో తెలుగు పండితులుగా పనిచేసిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారును, వారి జంటకవి దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును మీసములు పెంచుట తప్పు గదా యని యడిగినవారికి, తమ కవిత్వశక్తిని చాటుటకే పెంచితిమనియు, తమ్ము గెలువగల కవి యెదురైనచో ఆ మీసములు తీసి మ్రొక్కుదుమనియు పద్యముననే బదులిచ్చిరి. ఆ పంతమున ర్యాపరు పంతమంతయు కలదు.

ఆ జంటకవులు శతావధానములతో ఊరూర సభలు గెలిచిన దినములలో వారికిని కొప్పరపు సోదరకవులకును, వారికిని వేంకట రామకృష్ణకవులకును నడచిన వాదములు సామాన్యమైనవి కావు. పద్యమునకు పద్యము, ఎత్తిపొడుపునకు ఎత్తిపొడుపు. అభిమానులు పక్షములుగా చీలి, ఎవ్వరి ప్రయోగము దుష్టమో, ఎవ్వరి ధార సహజమో తర్కించుకొనిరి. 2024 ఏప్రిల్, మే మాసములలో కెండ్రిక్ లామార్, డ్రేక్ అను ర్యాపర్ల నడుమ పాటకు పాటగా సాగిన కలహమును లోకమంతయు అట్లే విన్నది. ఆ కలహమున పుట్టిన లామార్ పాట ‘నాట్ లైక్ అస్’ 2025 ఫిబ్రవరిలో ఐదు గ్రామీ పురస్కారములు గెలిచినది. అదే నెలలో అతడు అమెరికా ఫుట్‌బాల్ తుదిపోటీయగు సూపర్ బౌల్ విరామసమయమున, కోట్లమంది చూచుచుండగా, ఆ పాటను పాడెను. డ్రేక్ ఆ పాట విషయమై తన పాటలను వెలువరించు సంస్థపైననే పరువునష్టపు దావా వేసెను గాని, వాగ్యుద్ధపు వేడిలో వచ్చిన పాటను శ్రోత యథార్థవృత్తాంతముగా గ్రహింపడని న్యాయస్థానము 2025 అక్టోబరులో దానిని కొట్టివేసినది.

నా మట్టుకు లామార్ గెలుపు తిట్టువలన వచ్చినది కాదు. ఒక్క పాటలోనే గొంతు మార్చి, పాత్ర మార్చి, తన మాటకు తానే యెదురుమాట పలుకగల నేర్పు అతనికి కలదు. 2018లో అతని ‘డ్యామ్’ సంపుటికి పులిట్జర్ బహుమానము వచ్చుటకు పూర్వము ఆ సంగీతబహుమానము శాస్త్రీయ, జాజ్ రచనలను దాటి యెరుగదు. పల్లవి కట్టుటలో, చెవికి ఇంపుగా పాడుటలో డ్రేక్ ఇతని కంటె మిన్నయని ఒప్పుకొందును. అయినను వాదమునకు దిగిన వేళ పల్లవి తీపి అక్కరకు రాదు.

ఈ విద్యకు పుట్టినిల్లు న్యూయార్క్ నగరమందలి బ్రాంక్స్ ప్రాంతము. ఇండ్లు తగులబడుచు, ఉద్యోగములు తరలిపోవుచున్న ఆ పేటలో 1973 ఆగస్టు 11వ తేదీ రాత్రి, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520వ నంబరు భవనమున, చెల్లెలు ఏర్పరచిన వేడుకలో, జమైకానుండి వలసవచ్చిన క్లైవ్ క్యాంప్‌బెల్ అను యువకుడు రికార్డులు వేసెను. కూల్ హెర్క్ అని పేరువడిన ఆతని యుక్తి ఇది: పాటలో గానము ఆగి వట్టి తాళవాద్యము మిగులు తావు కొద్ది క్షణములే యుండును, నర్తకులకు ప్రియమైనది ఆ తావే గావున, ఒకే రికార్డు ప్రతులు రెండింటిని రెండు ప్లేయర్లపై నుంచి, ఒకదానిపై ఆ తావు ముగియగనే రెండవదానిపై మొదలుపెట్టి, దానిని కావలసినంతసేపు సాగదీయుట. అట్లు సాగిన లయమీద మైకు పట్టినవాడు మాటలాడెను. ఆ మాట ప్రాస కట్టుకొని ర్యాప్ అయినది. 1979లో ‘ర్యాపర్స్ డిలైట్’ దానిని దేశమంతట వినిపించగా, 1982లో వచ్చిన ‘ది మెసేజ్’ పేదల పేట దురవస్థను దానిలోనికి తెచ్చినది.

రాగము లేదను ఆక్షేపణకు సమాధానము మన కూచిపూడిలోనే యున్నది. పామర్రునుండి చల్లపల్లి పోవు బాటమీది ఆ గ్రామములో నట్టువాంగము పట్టిన గురువు రాగమేమియు లేకయే జతులు పలుకునపుడు దానిని వాగుడని యెవ్వరును అనరు. తాళమునకు ముందు వెనుకలుగా అక్షరములను పొదుగు ఆ నేర్పునకే శిరస్సు వంతురు. ర్యాప్ విను పద్ధతియు అదియే. నాలుగు దెబ్బల ఆవర్తనము అచ్చట ఒక బార్. పదునారు బార్లు సామాన్యముగ ఒక చరణము. ఆ నాలుగు దెబ్బలలో ఎన్ని యక్షరములు, ఏ నడకన, ఎచ్చట ఊపిరి విడిచి పలికినాడన్నదే రసజ్ఞుడు వినవలసినది. 2013లో మీగోస్ బృందము ‘వర్సాచీ’ అను పాటతో దెబ్బకు మూడేసి అక్షరముల నడకను ప్రచారము చేయగా అది యొక వింతగా చెప్పుకొనబడినది. మన మృదంగవిద్వాంసుడు దానిని ‘తకిట తకిట’ అని తిస్రగతిలో చిన్ననాడే నేర్చుకొనును. ఐదక్షరముల ఖండము, ఏడక్షరముల మిశ్రము, తొమ్మిదింటి సంకీర్ణము ర్యాపర్లకు ఇంచుమించు దున్నని పొలములే.

ఈ బంధుత్వమును ఎరిగిన గాయని యొకతె కలదు. కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబమున జన్మించిన శ్వేత యల్లాప్రగడ రావు, బాల్యమున కూచిపూడి, భరతనాట్యము, ఒడిస్సీ అభ్యసించి, రాజకుమారి యను పేరుతో ర్యాపరయినది. ముంబాయి ర్యాపరు డివైన్‌తో కలసి 2017లో ‘సిటీ స్లమ్స్’ పాడినది, 2019లో ఎం.టీ.వీ. ‘హసిల్’ పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చున్నది. ఆమె పలుకు జతులవైపు మొగ్గిన తావులందు నాకు ఒడలు పులకించును. ఆమె రచన అధికము ఆంగ్లమే యగుట నాకు వెలితి. కూచిపూడి కాళ్ళు గల ఆ లయ కూచిపూడి మాటను పలికిన నాడు ఎంత సొంపుగా నుండునో గదా!

తెలుగు ర్యాప్ మాటకు వత్తును. 1994లో ‘ప్రేమికుడు’ చిత్రముతో సంగీతదర్శకుడు రహమాన్ దీని రుచి మనకు చూపెను, ర్యాపరు బాబా సెహగల్ ‘జల్సా’, ‘గబ్బర్ సింగ్’ చిత్రముల వరకు పాడెను, హైదరాబాదు యువకులు నోయెల్, రోల్ రైడా బిగ్ బాస్ టీవీ పోటీ ద్వారా ఇంటింటికి తెలిసిరి. వీరి శ్రమ గౌరవింపదగినది. అయినను మన చిత్రములు ర్యాప్‌ను నాయకుని ప్రవేశమునకు హంగుగా మాత్రమే వాడుకొనుచున్నవి. నాలుగు పంక్తులలో కవి ఏమి చెప్పగలడు? శిల్పదోషమొకటి కూడ కలదు. తెలుగు వాక్యము క్రియతో ముగియును. ‘వస్తాను, చూస్తాను, కొడతాను’ అనినంతనే అంత్యప్రాస ఉచితముగా దొరకును. ఉచితముగా దొరకినదానికి విలువ యుండదు. మన ప్రాచీనులు ప్రాసను పాదాంతమున గాక రెండవ యక్షరమున నిలిపి, నడుమ యతిని పెట్టిరి. మేటి ర్యాపర్లు పంక్తి మధ్యమున దాచు లోపలి ప్రాసకు దీనికి దగ్గర చుట్టరికము. పద్యలక్షణము కొంతయైన చదివిన తెలుగు ర్యాపరు మిగిలినవారిని మించునని నా దృఢవిశ్వాసము.

బూతులను, తుపాకుల ప్రగల్భములను, స్త్రీలను కించపరచు మాటలను నేను సమర్థింపను; అట్టివి ర్యాప్‌లో చాలగా ఉన్నవి, ఎక్కువ భాగము శిల్పమునను హీనములే. అయితే పేట కష్టమును పేట మాటతో చెప్పిన పాటలే ఈ విద్యను నిలిపినవి. మనకు చెప్పవలసినది తక్కువయా? కాలువ చివరి పొలమునకు చేరని నీరు, రొయ్యల చెరువుల కింద ఉప్పుబారిన నేల, చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ పనివారి వ్రేళ్ళు, 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో కుటుంబములకు కుటుంబములను పోగొట్టుకొన్న దివిసీమ తాతల మాట: వీనిలో ఒక్కటియు చిత్రములోని నాలుగు పంక్తులలో ఇముడదు.

నాగాయలంకలోనో, గుడివాడలోనో ఒక కుర్రవాడు ఫోనులో లయ పెట్టుకొని తన మాట పలుకుచున్నపుడు, పెద్దలారా, చదువు పాడగునని ఆపివేయకుడు. దగ్గర కూర్చుండి తాళము వేయుడు. తప్పినచోట తప్పినదని చెప్పుడు. వీలైనచో ఒకమారు కూచిపూడికి తీసికొనిపోయి జతులు వినిపింపుడు.